గోదావరి వేగం మైనస్ రెండు

ఆ రోజుల్లో నాకు లోకంలో తెలియనివి రెండే ఉండేవి. ఒకటి ఎక్స్, రెండోది వై. మిగతావన్నీ తెలుసనే ధీమాతో తిరిగేవాణ్ణి. ఇరవై రెండేళ్ళకే బి.ఎస్సీ. లెక్కల పట్టా, దాని మీద బి.ఇడి., వాటన్నిటి మీద కొత్త కళ్ళజోడు సంపాదించిన కుర్రాడికి అంతకంటే తక్కువ ధీమా ఎలా ఉంటుంది చెప్పండి. మనుషుల మధ్య ఎంత చిక్కుముడి పడినా సరే, దాన్ని రెండు సమీకరణాలుగా రాసి, ఒకదాన్ని రెండోదానిలోంచి తీసేస్తే ముడి దానంతటదే విడిపోతుందని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. (పెళ్ళయిన ఆరు నెలలకి ఈ నమ్మకం పోయింది. అది వేరే సంగతి, ఇంట్లో వాళ్ళు చదివే అవకాశం ఉంది కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.)

మాది మండపేట. నాన్నగారు రైసుమిల్లులో గుమాస్తా. నాకు ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఆయనకి పెద్దగా లేదు. "నీ ఎక్సులూ వైలూ చెప్పమని ఎవరూ పిలవకపోతే బెంగపెట్టుకోకు. మిల్లులో కాటా దగ్గర ధాన్యం తూయించే మనిషి కావాలన్నారు, యజమానిగారి చెవిన వేసి ఉంచాను" అని భోజనాల దగ్గర రోజూ ధైర్యం చెప్పేవారు. ఆ ధైర్యం వింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. ధాన్యం బస్తాలంటే నాకేమీ చులకన లేదు, వాటి మీదే పెరిగినవాణ్ణి. కానీ పాఠం చెప్పాలని పుట్టినవాణ్ణని నా గురించి నాకొక అభిప్రాయం. అందుకని గోదావరి సముద్రంలో కలవడానికి ఇంకో పదిహేను మైళ్ళుందనగా ఉన్న ఒక రేవు ఊళ్ళో, ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టారు కావాలని తెలియగానే, రేకుపెట్టె సర్దుకుని జులై నెల వానల్లో బస్సెక్కేశాను.

ఆ బడిని పెట్టినాయనే దానికి హెడ్మాస్టరు కూడా. ఊరంతా ఆయన్ని పెద్ద మాస్టారు అనేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. నా సర్టిఫికెట్లు చూసి, మడిచి నా చేతికిచ్చి, "డిసెంబర్లో ఇన్‌స్పెక్షను ఉంటుందండి. ఆ రోజు మీ క్లాసు ఎలా నడిస్తే మీ ఉద్యోగం అలా నడుస్తుంది. అందాకా తాత్కాలికమే అనుకోండి" అన్నారు. నేను తల ఊపాను. ఆ క్షణం నుంచీ డిసెంబరు నెల నా కళ్ళముందు ఒక పక్క, మండపేట కాటా ఇంకో పక్క కనబడుతూ ఉండేవి.

ఒక మామ్మగారి ఇంట్లో గది దొరికింది. పొద్దున్నే కాఫీ కూడా ఆవిడే ఇచ్చేవారు. గుండెలు తీసిన బంటునైన నేను ఆ కాఫీని కూడా సమీకరణాల పాలు చేశాను. ఒక సాయంత్రం వీధరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండగా ఆవిడ తన పెళ్ళి ముచ్చట చెబుతూ, "మా ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. పెళ్ళినాటికి ఆయన వయసు నా వయసుకి సరిగ్గా రెట్టింపు. యాభై రెండేళ్ళయింది బాబూ మా పెళ్ళయి" అన్నారు. గడప దగ్గర నిలబడి వింటున్న నేను ఊరుకోవచ్చు కదా. "అయితే పెళ్ళికి మీకు పదేళ్ళు, తాతగారికి ఇరవై. ఇప్పుడు మీకు అరవై రెండు" అని కాగితం కలం లేకుండా చెప్పి, మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఎవరూ మెచ్చుకోలేదు. ఆవిడ ఆ వీధిలో చాలా ఏళ్ళుగా యాభై అయిదు దగ్గరే ఆగి ఉన్నారని నాకేం తెలుసు. మర్నాటి నుంచి నా కాఫీలో పాలు తగ్గుతూ వచ్చి, ఆ నెలాఖరుకి రంగు మాత్రమే మిగిలింది.

నవంబరు చివర తొమ్మిదో తరగతిలో అసలు పాఠం వచ్చింది, రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు. నా ప్రాణసమానమైన పాఠం. కోళ్ళూ మేకలూ కలిపి తలలు ఇన్ని, కాళ్ళు ఇన్ని అని మొదలుపెట్టి, తండ్రీ కొడుకుల వయసుల మీదుగా, పడవ లెక్క దాకా వచ్చాను. పడవ వాలుకి ఇంత సేపట్లో వెళ్ళింది, ఎదురుకి అంత సేపట్లో వచ్చింది, నిలకడ నీటిలో పడవ వేగమెంత, ప్రవాహం వేగమెంత. నేను తన్మయత్వంతో బోర్డు నింపుతుంటే వెనక బెంచీలోంచి ఒక గొంతు లేచింది. "ఆ పడవ ఏ రేవుదండి?"

ఆ గొంతు లాంచీ నడిపే సరంగుగారి అమ్మాయిది. పదమూడేళ్ళ పిల్ల. ఆ అమ్మాయి మాట్లాడితే అవతలి గట్టుకి వినబడేది, అందుకని క్లాసంతా హారన్ అనేవారు. ఏ రేవుదో పుస్తకంలో లేదమ్మా అన్నాను. "మరి ఏ వేళప్పుడు బయల్దేరిందండి?" అంది. అదీ లేదన్నాను. "రేవూ తెలీదు, వేళా తెలీదు. అలాంటి పడవెక్కితే మా నాన్న తిడతాడండి" అని కూర్చుంది. క్లాసు గొల్లుమంది. ఇన్‌స్పెక్టరుగారి ముందు కూడా ఇలాగే గొల్లుమంటే నా గతేమిటని నాకు చెమట పట్టింది. ఆ చెమటలోంచే ఒక ఆలోచన కూడా పుట్టింది. పుస్తకంలో పడవతో వీళ్ళకి పని లేకపోతే వీళ్ళ పడవనే లెక్కలోకి దింపుదాం. వీళ్ళ లాంచీ, వీళ్ళ గోదావరి, నా సమీకరణాలు. దాన్ని చార్టు మీద రాసి గోడకి తగిలిస్తే ఇన్‌స్పెక్టరుగారు ముక్కున వేలేసుకుంటారు. పెద్ద మాస్టారికి చెబితే ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఆదివారం వెళ్ళిరండి. సరంగుగారికి నేను చెబుతాను" అన్నారు. ఆయన పెదవి చివర చిన్న నవ్వు ఉన్నట్టు ఇప్పుడు గుర్తుకొస్తోంది. అప్పుడు నాకు కనబడలేదు.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పుకోవాలి. అయిదు నెలలుగా గోదావరి ఒడ్డున ఉంటున్నాను గానీ గోదావరిని చూడలేదు. వచ్చిన కొత్తలో చూశాను. అప్పుడు వరద, ఎర్రనీరు సముద్రం వైపు ఒకే పరుగు. చూసి, సరే పారుతోంది అనుకుని, బడికీ గదికీ మధ్య తిరుగుతూ ఉండిపోయాను. మా మండపేట కాలవని పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. అది లాకుల దగ్గర వదిలితే కిందకి పారేది, కట్టేస్తే ఆగిపోయేది. అంతకు మించి వేషాలు వేసి ఎరగదు. నీళ్ళంటే అలాగే ఉంటాయని నా చదువు.

ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటలకి రేవులో దిగాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై ఎనిమిది మంది, నేను, నా చేతికి నాన్నగారు కొనిచ్చిన గడియారం. మా రేవు నుంచి ఎగువన ఉన్న రేవు దాకా గట్టు మీద రోడ్డుకి కిలోమీటరు రాళ్ళున్నాయి కాబట్టి దూరం నాలుగు కిలోమీటర్లని ముందే లెక్క చూసుకున్నాను. లాంచీ ఇంజను అప్పటికే భడభడమంటోంది. సరంగుగారు తలగుడ్డ సర్దుకుంటూ ఏదో అన్నారు. ఆ రొదలో నాకు వినబడింది ఇది: "తొరగా ఎక్కండి మాస్టారూ, పోటీ మీద పోదాం."

నేను కంగారుపడ్డాను. పిల్లల్ని ఎక్కించుకుని పందేలేమిటి. "పోటీలేమీ వద్దండి సరంగుగారూ. మనం లెక్క తియ్యాలి. నిదానంగా, ఒకే వేగంతో నడపండి చాలు" అని గట్టిగా చెప్పాను. ఆయన నన్ను, గోదావరిని, మళ్ళీ నన్ను చూశారు. "వద్దంటే ఆగుద్దేంటండి అది" అన్నారు. ఇంజను ఆగదేమో అని అర్థం చేసుకున్నాను. "పర్వాలేదు, మీరు మాత్రం ఎవరితోనూ పెట్టుకోకండి" అన్నాను. "ఆయ్, నేనెవరితో పెట్టుకుంటానండి" అని ఆయన చుక్కాని పట్టుకున్నారు.

ఎగువకి ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. అక్కడ లాంచీ తిప్పుకుని దిగువకి వస్తే నలభై నిమిషాలు పట్టింది. నేను గడియారం మీంచి కళ్ళు తియ్యలేదు. అటూ ఇటూ కొంగలున్నాయని, లంకలో ఎవరో పొగాకు మళ్ళకి నీళ్ళు పోస్తున్నారని పిల్లలు చూపిస్తున్నా తల తిప్పలేదు. తల తిప్పి నీళ్ళకేసి ఒక్కసారి చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. రేవులో ఆగగానే జేబులోంచి సుద్దముక్క తీసి, లాంచీ గది తలుపు మీదే లెక్క మొదలుపెట్టాను. నిలకడ నీటిలో లాంచీ వేగం ఎక్స్, గోదావరి వేగం వై అనుకుందాం. దిగువకి నలభై నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లంటే గంటకి ఆరు. కాబట్టి ఎక్స్ ప్లస్ వై ఈజ్ ఈక్వల్ టు ఆరు. ఎగువకి ఇరవై నాలుగు నిమిషాలంటే గంటకి పది. కాబట్టి ఎక్స్ మైనస్ వై ఈజ్ ఈక్వల్ టు పది. రెండూ కూడితే రెండు ఎక్స్‌లు పదహారు, ఎక్స్ ఎనిమిది. లాంచీ వేగం గంటకి ఎనిమిది కిలోమీటర్లు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సరంగుగారు కూడా "అంతే ఉంటాదండి, పాత ఇంజను" అన్నారు. నా ఛాతీ పొంగింది. అదే ఊపులో వై తీశాను. ఆరులోంచి ఎనిమిది పోతే మైనస్ రెండు.

సుద్దముక్క తలుపు మీదే ఆగిపోయింది. గోదావరి వేగం మైనస్ రెండు. నా జన్మలో పడవ లెక్కలో మైనస్ చూడలేదు. పుస్తకం వెనక జవాబుల్లో ఎక్కడా లేదు. వేగం మైనస్ రావడమంటే మేకల లెక్కలో మేకకి మూడున్నర కాళ్ళు వచ్చినట్టు. మళ్ళీ చేశాను. మళ్ళీ మైనస్ రెండే. వెనక నుంచి హారన్ మోగింది. "సరిపోయిందండి మాస్టారూ."

"సరిపోలేదమ్మా. వేగం మైనస్ రాదు" అన్నాను.

"పోటు కదండీ, అందుకే అలా వచ్చింది" అంది. సరంగుగారు ఇంకా ఇంజను ఆపలేదు. నా చెవికి మళ్ళీ పోటీ అనే వినబడింది. నాకు చిర్రెత్తింది. "ఎవరితోనూ పోటీ పెట్టుకోలేదు కదమ్మా మనం. నిదానంగానే వెళ్ళాం, నిదానంగానే వచ్చాం. పాఠంలో లేని మాటలు మాట్లాడకు" అన్నాను. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి, నా కళ్ళజోడు ఎర్రబడటం చూసి (కళ్ళజోడు ఎర్రబడదని తెలుసు, నాది మాత్రం అలాగే కనబడేదిట) నోరు మూసుకుంది.

గదికి వచ్చి, పాలు లేని కాఫీ తాగుతూ ఆలోచించాను. గోదావరి తప్పు చెయ్యదు. పుస్తకం తప్పు చెయ్యదు. నేనూ చెయ్యను. కాబట్టి ఎక్కడో కాగితం మీద రాసుకునేటప్పుడు ఎగువ దిగువలు తారుమారయ్యాయి. ఇరవై నాలుగు నిమిషాలు దిగువకి, నలభై ఎగువకి అయ్యుండాలి, లోకంలో న్యాయమనేది ఉంటే. అలా అనుకుని, కొత్త చార్టు తెచ్చి, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో లాంచీ బొమ్మ వేసి, ఆ రెండు మాటలనీ చోట్లు మార్చి రాశాను. వై ఈజ్ ఈక్వల్ టు రెండు, ఎంత ముచ్చటగా వచ్చిందో. సోమవారం దాన్ని క్లాసులో గోడకి తగిలించాను. హారన్ దాని ముందు చాలాసేపు నిలబడింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆ అమ్మాయికి అలవాటు లేదని నేను గమనించి ఉండాల్సింది.

గురువారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. నిడదవోలు మనిషి. లావుపాటి ఫైలు, సన్నపాటి మీసం. చిన్నప్పటి నుంచీ రైలు జంక్షను పక్కన పెరిగానని, అప్ లైను అప్పే, డౌన్ లైను డౌనే, చదువు కూడా అలా పట్టాల మీద నడవాలని ఆఫీసు గదిలో చెబుతుంటే విని, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి మనిషికి నా చార్టు తప్పకుండా నచ్చుతుంది. పదకొండు గంటలకి నా క్లాసుకి వచ్చి, వెనక కుర్చీలో కూర్చున్నారు. పెద్ద మాస్టారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను పాఠం మొదలుపెట్టాను. నా గొంతు నాకే బాగుందనిపించింది. పది నిమిషాలయ్యాక ఇన్‌స్పెక్టరుగారు లేచి చార్టు దగ్గరకి వచ్చి, "మీ ఊరి లాంచీతోనే చేశారా? చాలా బాగుందండి. నిత్యజీవితంలో లెక్కలంటే ఇదీ" అన్నారు. ఆ మాటతో మండపేట కాటా నా కళ్ళముందు నుంచి తప్పుకుని పోయింది. ఆయన పిల్లల వైపు తిరిగి, చార్టుకి వీపు అడ్డంపెట్టి, "ఏం పిల్లలూ, గోదావరి వేగం ఎంత?" అన్నారు.

ఇరవై ఎనిమిది గొంతులు ఒకేసారి చెప్పాయి. "మైనస్ రెండండి."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "ఏంటి?"

"మైనస్ రెండండి."

"వేగం మైనస్ ఎలా ఉంటుంది? ఇది మీ మాస్టారు చెప్పారా?"

హారన్ లేచి నిలబడింది. "మాస్టారు చెప్పలేదండి. గోదారి చెప్పిందండి. ఎగువకి ఇరవై నాలుగు నిమిషాలు, దిగువకి నలభై. మేమందరం లాంచీలో ఉన్నామండి."

ఆయన పక్కకి జరిగి చార్టు చదివారు. చార్టు మీద అటుది ఇటు ఉంది. నా వైపు చూశారు. గుమ్మం దగ్గర పెద్ద మాస్టారు కూడా నా వైపే చూస్తున్నారు. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. "పిల్లలు పొరపాటు పడ్డారండి" అన్నాను.

ఆ అమ్మాయి కూర్చుంది. వాదించలేదు, ఎర్రగా చూడలేదు, ఎవరి వైపూ తిరగలేదు. పుస్తకం మూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అంతే. బెంచీ మీద కూర్చోబెట్టాలంటే నేను రోజుకి పదిసార్లు బతిమాలాల్సి వచ్చే పిల్ల. ఉద్యోగం నిలబడాలంటే నేను చెయ్యవలసిందల్లా ఇంకో వాక్యం పాఠం చెప్పడం. నోరు తెరిచాను కూడా. పాఠం రాలేదు.

"కాదండి. పొరపాటు నాది" అన్నాను. "గడియారంలో వాళ్ళు చెప్పిందే వచ్చింది. మైనస్ వస్తోందని నేనే మార్చి రాశాను. ఎందుకలా వచ్చిందో నాకు తెలియదండి."

"అంటే గోదావరి వెనక్కి పారిందంటారా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, నమ్మలేనట్టు.

గుమ్మం దగ్గర నుంచి పెద్ద మాస్టారు మెల్లగా అన్నారు. "పారుద్దండి. వరద తీశాక రోజుకి రెండుసార్లు పారుద్ది. సముద్రం దగ్గర కదండీ మేం. పోటు ఎక్కితే నీళ్ళు ఎగువకి పోతాయి, తీస్తే దిగువకి వస్తాయి. ఇప్పుడు పోటు వేళే, చూద్దురుగాని రండి."

పోటు. పోటీ కాదు, పోటు. ఆ అక్షరం నా నెత్తి మీద కొబ్బరికాయలా పడింది. ఆటుపోట్లు అని చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో చదివాను, అయిదు మార్కుల ప్రశ్న, చంద్రుడి బొమ్మతో సహా రాసి అయిదుకి అయిదూ తెచ్చుకున్నాను. అది మా ఊళ్ళో బస్సెక్కి నేను దిగిన చోట, నా కళ్ళెదురుగా, రోజుకి రెండు పూటలా జరుగుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళ నోరు నేనే మూయించాను.

అందరం రేవుకి వెళ్ళాం. క్లాసు క్లాసంతా వెనక వచ్చింది. గోదావరి నిండుగా, తాపీగా, సముద్రం వైపు నుంచి ఎగువకి నడుస్తోంది. ఒక గుర్రపుడెక్క దుబ్బు, పువ్వుతో సహా, మా ముందు నుంచి రాజమండ్రి వైపు ప్రయాణమై పోతోంది. ఇన్‌స్పెక్టరుగారు ఫైలు చంకలో పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూశారు. "మా నిడదవోల్లో ఇలా ఉండదండి" అన్నారు చివరికి. "మా మండపేటలో కూడా ఉండదండి" అన్నాను. ఇద్దరం ఒక గూటి పక్షులమని ఆయనకి నా మీద కాస్త జాలి కలిగినట్టుంది. బడికి తిరిగొచ్చి రిమార్కుల పుస్తకంలో బాగానే రాశారు. మైనస్ గుర్తుకి అర్థం దిశ మారడమని పిల్లలు స్వయంగా తెలుసుకున్నారనీ, పద్ధతి మెచ్చదగినదనీ. చార్టు సంగతి రాయలేదు.

ఆయన జీపు వెళ్ళాక పెద్ద మాస్టారు నన్ను పిలిచారు. ఉద్యోగం ఖాయమైపోయిందనే ధీమాతోనే వెళ్ళాను. (ధీమా అంత తొందరగా పోయే జబ్బు కాదు.) ఆయన నన్ను కూర్చోమన్నారు. "పోటు సంగతి తెలీకపోవడం తప్పేం కాదండి. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళెవరికీ తెలీదు. తప్పు రాస్తే దిద్దుకోవచ్చు. మీరు ఒప్పుని దిద్దారు, అదీ బాధ. పోనీ అదీ ఒప్పుకున్నారు. కానీ ముందు ఒక మాట అన్నారు చూశారా, పిల్లలు పొరపాటు పడ్డారని. ఇన్‌స్పెక్టరుగారు దాన్ని మర్చిపోయారు. ఆ పిల్ల మర్చిపోదండి. రేపు మీ క్లాసులో ఆ పిల్ల కూర్చుంటే మీరు ఉండండి. కూర్చోకపోతే నేనేం చెయ్యలేను" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

సాయంత్రం రేవుకి వెళ్ళాను. ఆ అమ్మాయి లాంచీ అంచు మీద కూర్చుని తాడు చుడుతోంది. సరంగుగారు ఇంజను దగ్గర ఏదో తుడుస్తున్నారు. బి.ఇడి.లో పిల్లలకి ఎలా నచ్చజెప్పాలో ఒక పేపరు మొత్తం ఉంది, అందులో నాకు ఫస్టు క్లాసు మార్కులు. ఒక్క ముక్క గుర్తుకి రాలేదు. "తప్పు నాదేనమ్మా. నువ్వు లాంచీలోనే చెప్పావు, నేను వినలేదు. ఇవాళ అందరి ముందూ నీ మీద పెట్టాను. అది ఇంకా పెద్ద తప్పు" అన్నాను. తాడు చుట్టడం ఆపలేదు. "రేపు క్లాసుకి వస్తావా?" అన్నాను.

"ఎందుకు రానండి. లెక్కలు నాకిష్టం. మీ గురించేం కాదు" అంది.

"ఏయ్, మాస్టారితో అలాగేనా" అని సరంగుగారు లోపల నుంచి కసిరి, మళ్ళీ నాతో, "ఏమనుకోకండి బాబూ. దానికి లెక్క తప్పితే మా ఇంట్లో నన్ను కూడా వదలదండి" అన్నారు.

తాడు చుట్టడం అయింది. ఆ అమ్మాయి దాన్ని కొక్కేనికి తగిలించి, చేతులు లంగాకి తుడుచుకుని, అప్పుడు నా మొహంలోకి చూసింది. "పిల్లలు పొరపాటు పడ్డారన్నప్పుడు మీరు మైనస్‌లోకి వెళ్ళిపోయారండి. చాలా కిందకి. తర్వాత పొరపాటు నాదన్నారు కదా, అప్పుడు కొంచెం వచ్చారు. ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చి చెప్పారు కాబట్టి సున్నాకి వచ్చారండి" అంది. మళ్ళీ నిజాయితీగా కూడి చూసుకున్నట్టు, "అవునండి, సున్నాయే" అంది.

మర్నాడు క్లాసులో కూర్చుంది. నేను ఉండిపోయాను. ఒక ఏడాది అనుకున్నవాణ్ణి ఆరేళ్ళు ఉన్నాను. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దదని, అష్టమికి చిన్నదని, నేడు ఎనిమిదింటికి ఎక్కితే రేపు ఇంచుమించు తొమ్మిదింటికని, ఇవన్నీ ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను. నాలుగుసార్లు తప్పు చెప్పాక గానీ ఒకసారి ఒప్పు చెప్పేవాణ్ణి కాదు. ఊళ్ళో మాత్రం నా పేరు మైనస్ మాస్టారుగా స్థిరపడిపోయింది. మామ్మగారు కూడా ఆ పేరుతోనే పిలిచి, తన మనసు చల్లబడినందుకు గుర్తుగా కాఫీలో మళ్ళీ పాలు పోయడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు మారాయి, కళ్ళజోడు నెంబరు నాలుగుసార్లు మారింది. శాలువాలు కప్పారు, ఉత్తమ ఉపాధ్యాయుడని ఒక చెక్కబొమ్మ కూడా ఇచ్చారు, అది ఏ అటక మీద ఉందో ఇంట్లో వాళ్ళకి తెలుసు. ఒక్కోసారి ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రెండు మాటలు మార్చి రాస్తే గోదావరి సర్దుకుంటుందనుకున్నాడు, పాపం. వాడి మీద కోపం రాదు, నవ్వొస్తుంది. వాడికి ఒక పదమూడేళ్ళ పిల్ల సున్నా వేసింది, అదీ దయతలచి వేసింది. నాకు ఈ ఉద్యోగంలో వచ్చిన మార్కులన్నిటిలోనూ నేను భద్రంగా దాచుకున్నది ఆ సున్నా ఒక్కటే.